స్తంభం లేనిచోట

సూర్యభగవానుడి రథానికి ఒకటే చక్రమని పురాణాలు చెబుతున్నాయి. అయితే ఆయనకు ఏడు గుర్రాలూ, తోలడానికి అనూరుడూ వున్నారు. నాకు ఆ సదుపాయమేమీ లేదు. ఒక చక్రం, దానిమీద సీటు, రెండు పెడళ్లు, అంతే. పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంటు కింద, కార్లు నిలిపే చోట, నాలుగు నెలలపాటు పడుతూ లేస్తూ తంటాలుపడి, చివరికి యాభై మీటర్లు తిన్నగా తొక్కగలిగాను. సర్కసులో పిల్లలు నవ్వుతూ చేసే పనే అనుకోండి. నా వయస్సుకు అది ఘనకార్యమే.

ఆ గర్వంతోనే పప్పులో కాలేశాను.

నేను నేర్చుకున్నది 20 అంగుళాల చక్రం. ఈ బండికి గొలుసు వుండదు. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒకే చుట్టు తిరుగుతుంది. కాళ్లు ఆపితే చక్రమూ ఆగుతుంది, మనం మాత్రం ఆగం! చుట్టుకు మీటరున్నర పైచిలుకు సాగుతుంది. మా పక్కన ఔటర్ రింగు రోడ్డు వెంట సౌరఫలకాల కప్పు వేసిన సైకిలు బాట వుంది గదా. 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. నానక్‌రామ్‌గూడ పాయా, నార్సింగి నుంచి కొల్లూరు వెళ్లే పాయా కలిపి 23 కిలోమీటర్లు. అదంతా నా బండిమీద తిరగాలంటే 14,400 చుట్లు తొక్కాలి. కాగితం మీద ఈ లెక్క వేసుకుని బెంగపెట్టుకున్నాను. 29 అంగుళాల చక్రమైతే పదివేలు చాలు. 36 అయితే ఎనిమిది వేలే. ఎడ్ ప్రాట్ అనే ఇంగ్లీషు కుర్రాడు 2015లో బయలుదేరి 2018లో ఇల్లు చేరేదాకా దేశదేశాలు చుట్టింది ఆ 36 మీదనే. అంత సాహసం మనకెందుకులే అని, వంటింటి చిమ్నీ కోసం దాచిన డబ్బుతో 29 కొన్నాను.

"ఉన్నదాని మీద ఎక్కడం వచ్చిందాండీ?" అని అడిగింది మా ఆవిడ.

వచ్చిందన్నాను. అబద్ధం కాదు. స్తంభం పట్టుకుని ఎక్కడం వచ్చు.

ఆదివారం తెల్లవారుతుండగా బాట మీదికి చేరాను. కప్పుకు ఆధారంగా స్తంభాలుండనే వున్నాయి. ఒకదాన్ని కావలించుకుని ఎక్కాను. చక్రం పెద్దదైనకొద్దీ కదలనని మొరాయిస్తుంది, కదిలాక ఆగనంటుంది. అయినా ఆ రెండువందల గజాలూ నేను సూర్యుడికి పినతండ్రి కొడుకునే! ఇంతలో వెనకనుంచి సైకిలు గంట వినిపించింది. తల తిప్పాను. తల ఎటు తిరిగితే చక్రమూ అటే. కాళ్లమీదే దిగాను గనక దెబ్బ తగల్లేదు. కాని మళ్లీ ఎక్కడం ఎలాగ? బండిని నడిపించుకుంటూ స్తంభం దగ్గరికి వెళ్లాను. ఎక్కాను, దిగాను, మళ్లీ స్తంభం. నాలుగోసారికి ఎనిమిదేళ్ల కుర్రాడొకడు తన చిన్న సైకిలు ఆపి అడిగాడు.

"అంకుల్, మీరు స్తంభం నుంచి స్తంభానికేనా?"

ప్రహ్లాదుడి తరువాత స్తంభాన్ని అంతగా నమ్మినవాణ్ణి నేనే కాబోలు. ఆ రోజు ఇంటికి బండి నన్ను మొయ్యలేదు, నేనే బండిని మోశాను.

తరువాత తెలిసిన సంగతి మరీ చిన్నబుచ్చింది. ఈ విద్యకు అంతర్జాతీయ సమాఖ్య ఒకటుంది. వాళ్లు దీన్ని పది మెట్లుగా విడగొట్టారు. మొదటి మెట్టుకు కావలసింది ఏమిటనుకున్నారు? ఏ ఆధారమూ లేకుండా ఎక్కి, యాభై మీటర్లు తొక్కి, చక్కగా దిగడం. అంటే నాలుగు నెలల తరువాత కూడా నేను అరుగు కిందే వున్నాను!

కొత్త బండి బాల్కనీ చేరింది. పాతదాన్ని తీసుకుని, ఏ స్తంభమూ చేతికందనిచోట సుద్దముక్కతో గీత గీశాను. కిటుకంతా వెనకవైపు పెడలుతో వుంది. దానిమీద బరువు వేసి ఎక్కబోతే చక్రం వెనక్కి తిరిగి, పెడలు కాలి ఎముకకు ఠపీమని తగులుతుంది. బరువు సీటుకివ్వాలి. ఆ కాలు ఊరికే ఆనించి, నేలమీది కాలితో లేచి, చక్రం పైకి రావాలి. చెప్పడానికి ఇంతే. ముందు పట్టుకోవడానికేమీ లేదని తెలిసిన ఒళ్లు వెనక్కే గుంజుతుంది. మొదటిరోజు నలభైసార్లు ప్రయత్నిస్తే ఒక్కసారి కుదిరింది.

"పాతదే తొక్కుతున్నరు, కొత్తది కరాబైందా సార్?" అన్నాడు వాచ్‌మన్.

"అది బాగానే వుందోయ్, నేనే కరాబయ్యాను."

మూడు వారాలకు పదిట్లో ఏడుసార్లు కుదిరింది. దాని వెనకనే ఊగడం మొదలుపెట్టాను. ఒంటిచక్రం కదలకుండా నిలవదు. అంచేత వున్నచోటనే అరచుట్టు ముందుకీ, అరచుట్టు వెనక్కీ ఉయ్యాల ఊపినట్టు ఊపాలి. కింది పెడలు మీది కాలే పనంతా చేస్తుంది. పైకాలు పెళ్లివారి వెంట వచ్చిన చుట్టంలాగ ఊరికే వుండాలి. నాకు ఇంకా ఎనిమిది ఊపులు దాటలేదు.

పెడలును చక్రానికి కలిపే కాడలు, క్రాంకులంటారే, వాటి సంగతీ అప్పుడే తెలిసింది. పొడుగువైతే బలం, పొట్టివైతే వేగం. బండల మధ్య లేచిన ఊరు మాది, మిట్టలకేం కొదవ? 150 మిల్లీమీటర్లవే వుంచుకున్నాను. ఎడమ పెడలుకు మర ఎదురుచుట్టు వుంటుంది. సీటు వెనకాముందూ మార్చి తొక్కితే పెడళ్లు వదులై ఊడిపోతాయని సైకిలు షాపాయన హెచ్చరించాడు.

మొన్న ఆదివారం 29ని మళ్లీ బాట మీదికి తీసుకెళ్లాను. అంచున నిలబడి సీటు సర్దుకుంటున్నాను. అదే కుర్రాడు!

"అంకుల్, స్తంభం అక్కడుంది" అని చూపించాడు.

"చూశాన్లే నాయనా" అన్నాను.

రెండుసార్లు జారింది. వాడు కదలడే! మూడోసారి లేచాను. చక్రం కిందికి వచ్చింది, కాలికి ముందు పెడలు దొరికింది. ఆ పూట, మధ్యలో ఐదుసార్లు దిగి ఎక్కుతూ, 3 కిలోమీటర్లు తొక్కాను. దాదాపు 1,300 చుట్లు. ఇంటికి వచ్చి చూద్దును గదా, బాల్కనీలో పాత చక్రం సీటుమీద మా ఆవిడ తడితువ్వాలు ఆరేసివుంది. రేపు ఊగడానికి అదే కావాలని చెబితే తీసి తీగమీద వేసింది.