రెండో తూర్పు ఎక్కడుంది?

మా మేనల్లుడు ఎనిమిదో తరగతి. మొన్న వాడి జీకే నోట్సు తిరగేస్తుంటే ఒక పేజీ నిండా ప్లస్ గుర్తు కనిపించింది. పైన ఎన్, కుడివైపు ఈ, ఎడమవైపు డబ్ల్యూ, కింద ఎస్. ఆ కింద ఎర్ర స్కెచ్‌పెన్నుతో, "నాలుగు దిక్కుల నుంచీ వచ్చేదే న్యూస్." పాతికేళ్ల కిందట జర్నలిజం క్లాసులో మొదటిరోజు మా మాస్టారు బోర్డు మీద గీసిందీ ఈ ప్లస్సే. అప్పుడు నేనూ బుద్ధిగా ఎక్కించుకున్నాను.

ఇది శుద్ధ కట్టుకథ. దొంగ ఆ బొమ్మలోనే దొరుకుతాడు. ప్లస్సు చుట్టూ గడియారం ముల్లులా తిరిగితే ఎన్, ఈ, ఎస్, డబ్ల్యూ వస్తాయి. న్యూస్ కావాలంటే తూర్పు నుంచి పడమటికి ఒక్క గెంతు గెంతి, ఆ తర్వాత దక్షిణానికి దిగాలి. అంతకంటే పెద్ద చిక్కు పాత స్పెల్లింగుతో. 1622లో లండన్‌లో అచ్చయిన వార్తల పత్రికల మీద ఈ మాట ఎన్-ఈ-డబ్ల్యూ-ఈ-ఎస్ అని ఉంటుంది. ఈలు రెండు. మొదటిది తూర్పు సరే, రెండోది ఏ దిక్కండీ?

అసలు సంగతి చాలా సాదా. న్యూ అంటే కొత్త, దానికి బహువచనం న్యూస్, అంటే కొత్తవి. 14వ శతాబ్దం చివరికే ఇంగ్లిషులో ఈ వాడుక ఉంది. ఒకప్పుడు దాన్ని బహువచనంగానే వాడేవారు. షేక్‌స్పియర్ నాటకాల్లో అటూ ఇటూ రెండు రకాలుగానూ కనిపిస్తుంది. పక్కనున్న ఫ్రెంచివాళ్లు వార్తల్ని నువెల్ అంటారు. అదీ 'కొత్తవి' అనే. ఆ మాటను ఎన్ని ముక్కలు చేసినా నాలుగు దిక్కులు రాలవు. పైగా మొదటి అక్షరాలు కూర్చి మాట కట్టడం, మనకు తెలిసిన రాడార్, లేజర్ లాగా, ప్రధానంగా 20వ శతాబ్దపు అలవాటు. 'పోష్' అనే మాటకూ ఇలాంటి కథే అల్లారు. ఇండియాకు ఓడలో వచ్చే దొరలు ఎండ తగలని వైపు గదులు తీసుకునేవారని, టికెట్ల మీద ఆ నాలుగక్షరాలు కొట్టేవారని. అలాంటి టికెట్టు ఒక్కటీ దొరకలేదు.

మనకు ఈ అక్షరాల గారడీ ఇంత తేలిగ్గా ఎందుకెక్కుతుందో నాకో అనుమానం ఉంది. 'గు' అంటే చీకటి, 'రు' అంటే పోగొట్టేది అని వింటూ పెరిగినవాళ్లం. ఉపన్యాసంలో అది అందమైన మాటే, కాదనను. కానీ పద్యానికి గణవిభజన చేసిన ప్రతి పిల్లాడికీ గురువు పక్కన లఘువు కనిపిస్తుంది. లఘువు తేలిక, గురువు బరువు. మాట అర్థం కళ్లెదుటే ఉన్నా, విరగ్గొడితేగానీ మనకు తృప్తి ఉండదు.

"పోనిద్దురూ, గుర్తుండటానికి బాగుంటుంది" అంటారు. గుర్తుండటానికైతే ఏమైనా చెప్పుకోండి, పుట్టుక అని మాత్రం చెప్పకండి. ఆ ప్లస్సు ఒక నష్టం కూడా చేస్తోంది. దిక్కులు పెట్టగానే వార్తకు చోటు మిగిలి కాలం పోతుంది. ఎక్కడిదైతేనేం, వచ్చింది కదా, వార్తే! పొద్దున ఆరింటి ముక్కను రాత్రి తొమ్మిదింటికీ 'బ్రేకింగ్' అని నడిపించవచ్చు. కొత్తది అన్న అర్థం ఉంటే ఆ పట్టీ మధ్యాహ్నానికే దించాలి. ఇంకో తమాషా ఏమిటంటే, ఎవరు చెప్పారో, ఎక్కడుందో అడిగి చూసుకోవాలని నేర్పాల్సిన క్లాసు, ఎవరూ చూసుకోని పుకారుతో మొదలవుతోంది.

తెలుగువాడికి ఈ మాట విడమర్చడానికి బోర్డు కూడా అక్కర్లేదు. ఊరి నుంచి ఎవరొచ్చినా మా అమ్మమ్మ మంచినీళ్ల చెంబు చేతికిస్తూ, "ఏంట్రా, కొత్తేంటి?" అనేది. న్యూస్ అంటే అంతే.

ఇదంతా మా మేనల్లుడికి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "అయితే మామయ్యా, పరీక్షలో ఏం రాయమంటావు?" అన్నాడు. నేను తటపటాయించాను. వాడు నాలుగు దిక్కులే రాసొచ్చాడు. మార్కు పడింది.