డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్లకు గంటల లెక్కన జీతం ఇవ్వాలి

డ్రైవింగ్ స్కూలు యజమానులకు, రవాణా శాఖ అధికారులకు, కారు నేర్చుకోబోయే ప్రజలకు విజ్ఞప్తి!

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారు శిక్షణ కనీసం 21 రోజులు సాగాలి, అందులో 10 గంటలు బండి నడిపించాలి. ఇన్‌స్ట్రక్టరుకు పదో తరగతి చదువు, 5 ఏళ్ల డ్రైవింగ్ అనుభవం ఉండాలి. ఇన్ని షరతులు పెట్టిన ఆ నిబంధనలు, నేర్పే మనిషికి జీతం ఎలా లెక్కగట్టాలో మాత్రం చెప్పలేదు. దాంతో క్లాసుకింత, చేరిన మనిషికింత అని ముట్టజెప్పే పద్ధతి వచ్చింది. ఇది పోవాలి. ఈ లెక్కలో అరగంట క్లాసును ఇరవై నిమిషాలకు కుదించిన వాడికే నాలుగు డబ్బులు ఎక్కువ. పక్క సీట్లో కూర్చుని, కాలు డ్యూయల్ బ్రేకు మీదే ఉంచి, కుడిచెయ్యి స్టీరింగుకు జానెడు దూరంలో పెట్టుకుని, క్లచ్ వదలడం రాక బండి మళ్లీ మళ్లీ ఆగిపోతున్నా విసుక్కోకుండా స్టార్ట్ చేయించేవాడు నష్టపోతాడు. నేర్చుకునేవాళ్లు రాని పూట ఆదాయమే ఉండదు. బాగా నేర్పితే సంపాదన తగ్గే ఏర్పాటులో పని మీద ఇష్టం ఎన్నాళ్లు నిలుస్తుంది?

జీతం పెంచితే తృప్తి రాదని కొందరంటారు. 2010లో పరిశోధకుడు తిమొతీ జడ్జ్ బృందం పాత అధ్యయనాలను కలిపి చూసినప్పుడు జీతం మొత్తానికీ తృప్తికీ సంబంధం స్వల్పమనే తేలింది. తృప్తి ముఖ్యంగా పనిలోంచే పుడుతుందని మనస్తత్వవేత్త హెర్జ్‌బర్గ్ 1959లోనే అన్నాడు. అయితే మేం అడుగుతున్నది జీతం లెక్కగట్టే తీరు మార్చమని. వణుకుతూ బండెక్కిన మనిషి ధైర్యంగా రద్దీ కూడలి దాటడం చూడటమే ఈ పనిలోని తృప్తి. దానికి సమయం కావాలి, క్లాసుకింత అనే లెక్క సరిగ్గా ఆ సమయాన్నే మింగేస్తోంది.

ఫీజులు పెరుగుతాయన్న భయం ఉంది. ఖాళీ గంటల జీతం కొంత ఫీజులో కలుస్తుంది, ఆ మాట దాచనక్కర్లేదు. కానీ 10 గంటలకు ఫీజు తీసుకున్న స్కూలు నేర్పే గంటల జీతాన్ని అదనపు భారం అనడానికి వీల్లేదు. 2022లో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన దేశంలో, కుదించిన క్లాసులతో మిగిలే డబ్బును పొదుపు అనడం అన్యాయం. పైగా 2021 నుంచి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల్లో 29 గంటల కోర్సు పూర్తిచేసి పాసైనవారికి ఆర్టీవో టెస్టు నుంచి మినహాయింపు ఉంది. అక్కడ ఇన్‌స్ట్రక్టరు నిజాయితీయే ఆఖరి కాపలా.

గంటలు ఎవరు లెక్కబెడతారని అడిగేవారికి జవాబు చట్టంలోనే ఉంది. నేర్చుకునేవారు నడిపిన గంటలు రాసే ఫారం 15 రిజిస్టరు ప్రతి స్కూల్లో ఉండాల్సిందే. అందులో ఇద్దరి సంతకాలూ పెట్టించి, దాని ప్రకారం జీతం కట్టండి. విద్యార్థి రాని గంటకు సగమైనా ఇవ్వండి. 5 ఏళ్లకోసారి స్కూలు లైసెన్సు రెన్యువల్‌కు వచ్చినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలూ జీతాల పుస్తకాన్ని ఈ రిజిస్టరుతో సరిచూడాలి. చేరేముందు మీరు కూడా ఇన్‌స్ట్రక్టరుకు ఏ లెక్కన ఇస్తున్నారో స్కూలువాళ్లను అడగండి.