కేస్‌షీటులో లేని కంచం

రోగిని వార్డులో చేర్చుకునేటప్పుడు నర్సు నింపే కాగితంలో ఆహారం గురించి ఒక గడి ఉంటుంది. హైదరాబాద్ పాతబస్తీ రోగుల విషయంలో ఆ గడిలో మామూలుగా పడే మాట ‘మిక్స్‌డ్’. అన్నీ తింటారు అని దాని అర్థం. బీపీని అంకెల్లో రాస్తాం, జ్వరాన్ని పాయింటుతో సహా రాస్తాం, మూత్రం ఎన్ని మిల్లీలీటర్లు పోయిందో కూడా రాస్తాం. మనిషి ఏం తిని ఇక్కడిదాకా వచ్చాడన్నది మాత్రం ఒక్క మాటతో ముగించేస్తాం. రోగి ఇంటి అలవాటు, మతాచారం, మాట్లాడే భాష తెలుసుకుని సేవ చేయాలని నర్సింగ్ మొదటి ఏడాది పాఠాల్లోనే చెబుతారు. చాలామంది దాన్ని మర్యాదకు సంబంధించిన పాఠంగా చదివి వదిలేస్తారు. నేను దాన్ని కొలతకు సంబంధించిన పాఠం అంటాను. ఆ సంగతులు అడగకుండా చేసిన పరీక్ష సగం పరీక్షే. దాని ఆధారంగా డాక్టరు రాసే మందు, డైటీషియన్ ఇచ్చే చీటీ రెండూ గురి తప్పుతాయి.

రక్తహీనతనే తీసుకుందాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి, ఆరు నెలలు దాటిన అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తం తక్కువ. పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రికి వచ్చే గర్భిణులకైనా, ఏ పల్లెలో గర్భిణులకైనా పథకం ఒకటే: 60 మిల్లీగ్రాముల ఇనుము ఉన్న ఎర్ర మాత్ర, రోజుకొకటి, 180 రోజులు. ఇక్కడే ‘మిక్స్‌డ్’ అనే మాట మోసం చేస్తుంది. మాంసం వండే ఇల్లు కదా, ఇనుముకేం లోటు అనిపిస్తుంది. ఇల్లు మాంసం తింటుంది, నిజమే. కానీ ఆ ఇంటి కోడలి కంచంలో ఏముందో ఎవరు చూశారు? పొద్దున చాయ్‌లో ముంచుకున్న రెండు బిస్కెట్లు, మధ్యాహ్నం అన్నంలో ఖట్టీ దాల్, కీమా వండిన రోజున మగవాళ్లకూ పిల్లలకూ పెట్టగా గిన్నె అడుగున మిగిలింది. గౌలిపురాలోనో లాల్‌దర్వాజాలోనో తెలుగింటి కోడలి కంచమూ ఇంతకంటే గొప్పగా ఉండదు. పైగా భోజనంతో పాటు టీ తాగితే ధాన్యాల నుంచి, పప్పుల నుంచి ఒంటికి పట్టాల్సిన ఇనుము సగానికి పైగా తగ్గిపోవచ్చు. మాత్రను చాయ్‌తో మింగితే మాత్రకూ అదే గతి. ‘మాత్రలు వేసుకుంటున్నారా ఆపా?’ అని సిస్టర్ అడిగితే ఔననే జవాబొస్తుంది, అందులో అబద్ధమేమీ ఉండదు. దేనితో వేసుకుంటున్నారు, ఏ వేళకు వేసుకుంటున్నారు అని అడిగినప్పుడే రక్తం ఎందుకు పెరగడం లేదో బయటపడుతుంది.

ఇలా అడగడమన్న విద్యను విదేశాల నుంచి తెచ్చుకోనక్కర్లేదు. ఈ ఊళ్లోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి మీద విచారణకు రాబర్ట్ మెకారిసన్ మొదలుపెట్టిన చిన్న విభాగం పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. దాని ఆధ్వర్యంలో 1972లో ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం దశాబ్దాల తరబడి ఇళ్లకు వెళ్లి, గడచిన 24 గంటల్లో ఏం తిన్నారో అడిగి రాసుకుంది. ఆ సర్వే సిబ్బంది కొలత గిన్నెల సెట్టు వెంట తీసుకెళ్లేవారు. ‘కూర ఎంత తిన్నారు?’ అంటే ఎవరైనా ‘కొంచెం’ అంటారు. గిన్నెలు వరుసగా ముందు పెట్టి, ఏ గిన్నెకు సరిపోయేంత అని అడిగితే కొలత దొరుకుతుంది. ఇంట్లో మొత్తం ఎంత వండారు, అందులో ఎవరికి ఎంత వచ్చింది అన్నది విడివిడిగా తేలుతుంది. ఆ ఇంటి వంట, ఆ ఇంటి గిన్నె, వడ్డించే వరస తెలుసుకోకుండా ప్రొటీన్ల లెక్క వేయలేమని ఈ దేశపు పోషకాహార శాస్త్రం యాభై ఏళ్ల కిందటే గ్రహించింది. వార్డులో అన్ని గిన్నెలు పరచమని ఎవరూ అనరు. ‘నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం తిన్నారు, ఏమేం తాగారు, వరసగా చెప్పండి’ అన్న ఒక్క ప్రశ్న చాలు. ‘మిక్స్‌డ్’ అనే మాట చెప్పలేనిదంతా అది చెబుతుంది.

తిండి సంగతి అటుంచి, కంటితో చూసి చేసే పరీక్షలోనూ ఇంతే. రక్తం తక్కువైతే గోళ్లు పాలిపోతాయని, ఆక్సిజన్ తగ్గితే నీలంగా మారతాయని పాఠం. పండగ వెళ్లిన వారంలోనో, పెళ్లి జరిగిన ఇంటి నుంచో వచ్చిన ఆడవాళ్ల గోళ్లు మెహందీతో ఎర్రగా ఉంటాయి. అక్కడ పాలిపోవడం ఎక్కడ కనబడుతుంది? కింది రెప్ప లాగి చూడాలి, నాలుక చూడాలి, అరచేతి గీతలు చూడాలి. రెప్ప కింద సుర్మా ఉంటే తుడిచి చూడాలి. ఆ సుర్మా ఎక్కడ కొన్నారో, పసిపిల్లల కళ్లకూ పెడుతున్నారో అడగాలి. సంప్రదాయ సుర్మాకు ముడిసరుకు సీసపు ఖనిజం. సీసం పిల్లల ఒంట్లో చేరితే రక్తహీనతా వస్తుంది, మెదడు ఎదుగుదలా దెబ్బతింటుంది. పల్స్ ఆక్సిమీటర్ వేలికి తగిలిస్తే అంకె వస్తుంది కదా అనుకోవచ్చు. నల్ల మెహందీ దట్టంగా ఉన్న వేలికి పెడితే ఆ యంత్రం తడబడుతుంది, వేరే చోట పెట్టి చూసుకోవాలి. ఒంటి రంగు కూడా దాన్ని తప్పుదారి పట్టించగలదని 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అమెరికా అధ్యయనం చూపింది. యంత్రం 92-96 శాతం ఆక్సిజన్ ఉందని చెప్పిన సందర్భాల్లో నిజానికి అది 88 కంటే తక్కువకు పడిపోయి ఉన్నవి నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవారిలో 3.6 శాతం. యంత్రానికి పక్షపాతం ఉండదన్న ధీమా కొవిడ్ కాలంలో ఎంత ప్రమాదమైందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

ఇక ఉపవాసం. పాతబస్తీలో షుగర్ రోగి నర్సు దగ్గర దాచిపెట్టే సంగతుల్లో ఇది ముందుంటుంది, ఎందుకంటే చెబితే తిడతారని భయం. భారత్ సహా 13 దేశాల్లో పన్నెండు వేల మందికి పైగా షుగర్ రోగులను పరిశీలించి 2004లో వెలువరించిన ఎపిడయార్ అధ్యయనంలో, టైప్-2 రోగుల్లో దాదాపు 79 శాతం మంది రంజాన్‌లో కనీసం 15 రోజులు రోజా ఉన్నారు. ఇన్సులిన్ లేనిదే బతకలేని టైప్-1 వారిలో కూడా 43 శాతం మంది ఉన్నారు. షుగర్ బాగా పడిపోయి ఆసుపత్రిలో చేరాల్సి రావడం టైప్-2 వారిలో మిగతా నెలలతో పోలిస్తే ఏడున్నర రెట్లు పెరిగింది. ‘వద్దన్నా వినరు’ అని చేతులు దులుపుకోవడానికి ఈ అంకెలను వాడుకోకూడదు. ఉంటారని తెలిసినప్పుడు నెల ముందే అడిగి సిద్ధం చేయడమే వైద్యం. ఏ మాత్రలు వాడుతున్నారో చూసి, షుగర్‌ను పడగొట్టే రకం ఉంటే డాక్టరు దృష్టికి తేవాలి. మోతాదును సహర్, ఇఫ్తార్ వేళలకు మార్చి రాయించాలి. వేలి నుంచి చుక్క రక్తం తీసి చూసుకుంటే రోజా భంగం కాదని మతపెద్దలే చెబుతారన్న సంగతి తెలియజేయాలి. షుగర్ 70 కంటే దిగినా, 300 దాటినా వెంటనే రోజా విరమించాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. జబ్బు మనిషికి వాయిదా వేసుకునే వెసులుబాటు ఇస్లాంలోనే ఉంది. నర్సు ముఫ్తీ కానక్కర్లేదు, రోగి తన ఇమామ్‌ను అడిగేలా దారి చూపితే చాలు. ఇదే ప్రశ్న లాల్‌దర్వాజా నుంచి వచ్చి శనివారం ఒంటిపూట ఉండే పెద్దాయననూ అడగాలి, సూర్యాస్తమయం దాటాక ఏమీ ముట్టని చార్‌కమాన్ జైన గృహిణినీ అడగాలి. రాత్రి తొమ్మిదింటికి భోంచేశాక వేసుకోమని రాసిన మాత్ర ఆమె వేసుకోదు, లేదా పరగడుపున వేసుకుంటుంది.

మందుల గురించి అడిగేటప్పుడు కూడా మన ప్రశ్న ఇంగ్లిష్ మందుల దగ్గరే ఆగిపోతుంది. చార్మినార్ పక్కనే నిజామియా యునానీ ఆసుపత్రి ఉన్న ఊరిది. ఖమీరా, మాజూన్ లాంటి లేహ్యాలు చక్కెర పాకంలోనో తేనెలోనో తయారవుతాయి. బలానికని రెండు పూటలా తింటున్న షుగర్ రోగి దాన్ని మందుగా లెక్కపెట్టడు, తిండిగానూ లెక్కపెట్టడు. 1920 నుంచి ఇక్కడ తయారవుతున్న జిందా తిలిస్మాత్ సంగతీ అంతే, ఇంట్లో సీసా ఉంటుంది, ఎవరూ చెప్పరు. వేడి చేసే పదార్థం, చలవ చేసే పదార్థం అన్న లెక్క యునానీలో ఉంది, ఆయుర్వేదంలో ఉంది, అటు ముస్లిం అత్తగారి నోటా ఇటు తెలుగు అత్తగారి నోటా అదే మాట. బాలింతకు ఒక ఇంట్లో హరీరా, మరో ఇంట్లో కాయం పెడతారు. పథ్యం పేరుతో పెరుగు, ఆకుకూరలు, ఒక్కోచోట మంచినీళ్లు కూడా తగ్గించేస్తారు. ‘అన్నీ తినొచ్చమ్మా’ అని డిశ్చార్జి రోజున చెప్పి పంపితే ఆ మాట గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే వంటింటి నిర్ణయం బాలింతది కాదు. పథ్యం ఒప్పుకునే పదార్థాల్లోంచే గుడ్డు, పప్పు, బాదం, మాంసం ఎంచి చెప్పాలి. నీళ్లు తగ్గించడం లాంటి హాని ఎక్కడుందో అక్కడే గట్టిగా నిలబడి, అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలి.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని నేను గౌరవిస్తాను. ముస్లింలు ఇలా తింటారు, జైనులు అలా తింటారు అని జాబితాలు కట్టి నర్సులకు నేర్పితే మనుషులను మూసల్లో పోసినట్టవుతుంది కదా అన్నది ఆ వాదన. నిజమే. సాంస్కృతిక నర్సింగ్ అనే శాఖకు పునాది వేసిన అమెరికన్ నర్సు మడెలిన్ లైనింగర్ 1960ల మొదట్లో న్యూగినీకి వెళ్లి అక్కడి గాడ్సప్ ప్రజల మధ్య ఉండి నేర్చుకుంది. ఆమె తర్వాత వచ్చిన పాఠ్యపుస్తకాలు ఆ శ్రమను మతానికో పట్టికగా కుదించాయి. పాతబస్తీలో ఆ పట్టిక ఒక్క వీధి కూడా దాటదు. బార్కస్‌లో హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసుల వంట వేరు, దారుల్‌షిఫాలో షియా కుటుంబాల మొహర్రం నియమాలు వేరు, బాలాపూర్‌లో తలదాచుకున్న రోహింగ్యాల కంచం ఇంకా వేరు. ఒకే ఇంట్లో అన్నకు ఉన్న నియమం తమ్ముడికి ఉండదు. అందుకే నేను జాబితా కోరడం లేదు, ప్రశ్న కోరుతున్నాను. బురఖా చూసి రోజా ఉంటుందనుకోవడం ఎంత తప్పో, బొట్టు చూసి ఉపవాసం సంగతి అడగకపోవడమూ అంతే తప్పు. అందరినీ ఒకే ప్రశ్న అడిగి, ఒక్కొక్కరి జవాబునూ విడిగా రాసుకోవాలి.

ఆసుపత్రి అందరిదీ, రోగులే దాని పద్ధతికి సర్దుకోవాలి, ఒక్కో మతానికి ఒక్కో సదుపాయం ఎందుకు అన్న మాట కూడా వినిపిస్తుంది. సర్దుకోవడానికి ఆరోగ్యం ఉండాలి కదా. సర్దుకోలేని మనిషి కంచం పక్కన పెట్టేస్తాడు. మంచం మీద పోషణ తగ్గిన రోగికి పుండ్లు త్వరగా మానవు, ఇన్‌ఫెక్షన్లు పట్టుకుంటాయి, డిశ్చార్జి ఆలస్యమవుతుంది, ఆ పడక ఇంకొకరికి దొరకదు. అది ఆసుపత్రికే నష్టం. భాష సంగతీ ఇంతే. హైదరాబాద్ జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం నూటికి నలభై మందికి పైగా ఉర్దూ మాతృభాష. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేస్తూ చట్టం సవరించారు. అయినా ఆడమనిషి రోగి అయితే జవాబులు చెప్పేది పక్కన నిలబడ్డ భర్తో, స్కూల్‌కు వెళ్లే కొడుకో. నెలసరి గురించి, తెల్లబట్ట గురించి కొడుకు ముందు ఏ తల్లి నోరు విప్పుతుంది? 2003లో అమెరికాలో పిల్లల వైద్య పత్రిక పీడియాట్రిక్స్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, దుబాసీ ద్వారా జరిగిన 13 సంభాషణలను రికార్డు చేసి చూస్తే ఒక్కోదానిలో సగటున 31 తప్పులు దొర్లాయి. శిక్షణ లేని వాళ్లు దుబాసీలుగా ఉన్నప్పుడు వైద్యానికి హాని చేయగల తప్పుల వాటా మరింత ఎక్కువ. మన దగ్గర దక్కనీ గలగలా మాట్లాడే ఆయాలు, తెలుగు సిస్టర్లు, మలయాళీ సిస్టర్లు ఒకే డ్యూటీలో ఉంటారు. ఆయాకు కొన్ని రోజుల శిక్షణ, దానికి తగిన భత్యం ఇస్తే దుబాసీ వార్డులోనే దొరుకుతుంది.

ఇక అందరూ అనేది, తీరిక ఎక్కడ? ఈ మాట నర్సులే అంటే తలవంచి వినాలి. బోధనాసుపత్రుల్లో మూడు పడకలకు ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం పెట్టింది. రాత్రి డ్యూటీలో వార్డంతా ఒక్క సిస్టర్ మీద నడిచే చోట ఆ ప్రమాణం కాగితం దాటలేదు. ఇన్ని ప్రశ్నలు అడగమని ఆమె మీద మరో బరువు మోపడం నా ఉద్దేశం కాదు. కానీ పని తగ్గించుకునే మార్గం ప్రశ్నలు మానేయడం కూడా కాదు. నిన్నటి తిండి, ఉపవాసాలు, ఇంటి మందులు, మాత్ర వేసుకునే వేళ అనే నాలుగు ప్రశ్నలు అచ్చయిన గళ్లతో తెలుగులో, ఉర్దూలో కాగితం మీద ఉంటే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. తప్పు మోతాదుతో షుగర్ పడిపోయి అర్ధరాత్రి సెలైన్‌తో పరుగెత్తే గంటతో ఆ నిమిషాలను పోల్చి చూడండి. 2022లో రాష్ట్ర ప్రభుత్వం సాధారణ రోగుల భోజనానికి రోజుకు ఇచ్చే మొత్తాన్ని 40 రూపాయల నుంచి 80 రూపాయలకు పెంచింది. మంచి పని. ఆ 80 రూపాయల భోజనంలో ఎంత లోపలికి వెళ్లింది, ఎంత చెత్తబుట్టలో పడింది అన్నది కూడా కేస్‌షీటులో ఎక్కాలి.

ఉస్మానియా ఆసుపత్రికి గోషామహల్‌లో కొత్త భవనం కోసం 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. రెండు వేల పడకలని చెబుతున్నారు. ఆపరేషన్ థియేటర్ల గురించి, పార్కింగ్ గురించి, పాత కట్టడం భవిష్యత్తు గురించి చర్చ చాలానే జరిగింది. ఆ పడకలకు లెక్క ప్రకారం ఎంతమంది నర్సులు కావాలి, చేర్చుకునే కాగితం ఏయే భాషల్లో ఉంటుంది, డైటీషియన్ ఏ వార్డుకు ఏ రోజు వస్తారు, రంజాన్ నెలలో వంటగది తెల్లవారుజామున ఎన్ని గంటలకు తెరుస్తారు అన్న ప్రశ్నలకు గోడలు లేచేలోపే ఆరోగ్యశాఖ జవాబు రాసి పెట్టాలి.