వందేళ్ల నాటి నోటుబుక్కులు

ఎండాకాలంలో వీధి చివరి బస్టాపుదాకా వెళ్లాలన్నా గొడుగు వెతుక్కుంటాం. అలాంటిది ఎడారిలో వెయ్యి కిలోమీటర్లకు పైగా కాలినడకన వెళ్లేవాళ్లని ఏమనాలి! అమెరికాలో మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ అనే కాలిబాట ఉంది. పొడవు సుమారు 4,265 కిలోమీటర్లు. అందులో దక్షిణం వైపు 1,100 కిలోమీటర్ల దాకా కాలిఫోర్నియా ఎడారి ప్రాంతమే.

ఇక్కడ నడిచేవాళ్లకు ప్రతి అడుగూ నీళ్ల లెక్కే. తర్వాతి ఊట ఎంత దూరం? పారుతోందా, ఎండిపోయిందా? ముందు వెళ్లినవాళ్లు ఆ సంగతి రాసిపెడతారు. వెనకొచ్చేవాళ్లు అది చూసుకుని నాలుగు లీటర్లు మోయాలో, ఆరు మోయాలో తేల్చుకుంటారు. మొహావీ ఎడారి అంచున కొంతదూరం బాట, లాస్ ఏంజెలెస్‌కు నీళ్లు తీసుకెళ్లే కాలువ వెంటే సాగుతుంది. 1913 నాటి ఆ కాలువకు అక్కడ పైన మూత ఉంటుంది. పక్కనే నీళ్లు, గొంతులో దాహం! ఎండకు తాళలేక చాలామంది పగలు ఏ నీడనో పడుకుని రాత్రిళ్లు నడుస్తారు.

సరే, ఊట ఎండిపోయిందని రాశారు. అది వాతావరణ మార్పేనా? ఆ ఏడు వాన పడలేదేమో! ఒక్కసారి నడిచివెళ్లిన మనిషికి ఆ తేడా తెలియదు. ఎప్పుడో అదే చోటికి వచ్చినవాళ్లెవరో చూసింది చూసినట్టు రాసి ఉండాలి. మొహావీ విషయంలో ఆ పని చేసినాయన జోసెఫ్ గ్రినెల్. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వెన్నెముక జీవుల మ్యూజియానికి తొలి డైరెక్టరు. 1908 నుంచి ఆయనా, ఆయన బృందమూ కాలిఫోర్నియా అంతా తిరిగి ఏ చోట ఏ పిట్ట కనిపించిందో ఓపిగ్గా నోటుబుక్కుల్లో రాసుకున్నారు. ఈ రాతల విలువ వందేళ్ల తర్వాత తెలుస్తుందని ఆయన అప్పుడే అన్నారు. 1939లో కన్నుమూశారు.

ఆ నోటుబుక్కుల ఆధారంగా బర్కిలీ పరిశోధకులు మళ్లీ ఆ చోట్లకే వెళ్లారు. మొహావీలో 61 చోట్ల పిట్టల్ని లెక్కపెట్టి 2018లో ఫలితాలు ప్రకటించారు. పాత జాబితాతో పోలిస్తే ఒక్కో చోట సగటున 43 శాతం జాతులు లేవు! లెక్కలోకి తీసుకున్న 135 జాతుల్లో 39 తగ్గిపోయాయి. కచ్చితంగా పెరిగింది ఒక్కటే... మన బొంతకాకికి పెద్దన్నలాంటి రేవెన్. మనుషులు పారేసే చెత్త కూడా దానికి తిండే మరి.

వానలు తగ్గడమే ప్రధాన కారణమన్నారు. ఎండ ముదిరినప్పుడు పిట్ట నోరు తెరిచి రొప్పుతుంది. అలా ఒంట్లో నీరు ఆవిరైతేనే దానికి చల్లదనం. ఆ నీటిని తిరిగి తెచ్చుకోవడమే కష్టం. గద్దల్లాంటి మాంసాహార పక్షులకు చాలావరకు నీరు తిండిలోంచే రావాలి. అందుకే వాటికి దెబ్బ ఎక్కువ. ఊటలు మిగిలినచోట నష్టం కాస్త తక్కువట.

వాళ్లే ఎలుకలు, ఉడతల్లాంటి చిన్న జంతువులనూ లెక్కపెట్టి 2021లో చెప్పిన సంగతి ఇంకా ఆశ్చర్యం. అవి పెద్దగా తగ్గలేదు! ఎక్కువ జాతులు పగలు బొరియల్లో పడుకుని రాత్రిళ్లు తిరుగుతాయి. కాలిబాటలో వెళ్లేవాళ్లు చేసేదీ అదేగా. చాలా పిట్టలకు ఆ వీలు లేదు. మిట్టమధ్యాహ్నం ఏ ముళ్లపొద నీడనో నోరు తెరుచుకుని కూర్చోవాల్సిందే.