బిడ్డ విషయంలో కోర్టుకు దాపరికం తగదు

తలాక్ లేదా ఖులా అనంతరం బిడ్డ ఎవరి వద్ద ఉండాలన్న వివాదం మా వెలిగండ్ల ప్రాంతంలో మొదట జమాతు పెద్దల ముందుకే వస్తుంది. అక్కడ పరిష్కారం కానప్పుడు కోర్టుకు చేరుతుంది. అప్పుడు చాలామంది తమకు అనుకూలమైన సంగతులే రాసి, తక్కినవి దాచిపెడుతున్నారు.

ముస్లింలకు కూడా వర్తించే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, దరఖాస్తులో ఏమేమి తెలపాలో 10వ సెక్షన్‌లో నిర్దేశించింది. బిడ్డ పేరు, మతం, పుట్టిన తేదీ, సాధారణ నివాసం, ఆస్తి ఉంటే దాని వివరాలు, ప్రస్తుతం ఎవరి సంరక్షణలో ఉన్నదీ, దగ్గరి బంధువులెవరన్నదీ, లోగడ ఏ కోర్టులోనైనా ఇదే విషయమై దరఖాస్తు పెట్టి ఉంటే దాని ఫలితం, ఇవన్నీ అందులో ఉండాలి.

ఉద్యోగకాలమంతా దరఖాస్తుల మధ్య గడిపిన గుమాస్తాగా చెబుతున్నాను. ఖాళీగా వదిలిన గడిని తరువాత పూరించవచ్చు. అబద్ధం రాసిన గడి మాత్రం మిగతా నిజాలను కూడా అనుమానంలో పడేస్తుంది.

మన కుటుంబాలు బతుకుతెరువుకై హైదరాబాదు, బెంగళూరు వెళ్తుంటాయి. బిడ్డ ఊళ్లో అమ్మమ్మ వద్ద పెరుగుతుండగా తండ్రి నగరంలోని చిరునామా రాస్తే ఏమవుతుంది? బిడ్డ సాధారణంగా నివసించే చోటి కోర్టే విచారించాలని 9వ సెక్షన్ చెబుతున్నది. ఆ అబద్ధం బయటపడేలోగా ఆ తల్లి కూలి మానుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని వాయిదాలకు తిరగవలసి వస్తుంది. పాత కేసును దాస్తే రెండు కోర్టుల ఉత్తర్వుల నడుమ బిడ్డే నలిగిపోతుంది.

హనఫీ ఫిఖ్‌లో హిజానత్ హక్కు మగబిడ్డకు ఏడేళ్లు నిండే వరకు, ఆడబిడ్డకు యుక్తవయసు వచ్చే వరకు తల్లిదే. బిడ్డ తల్లి వద్ద ఉన్నా పోషణ భారం తండ్రిదే. భరణం కేసుల్లో ఇరుపక్షాలూ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో వెల్లడించాలని సుప్రీంకోర్టు రజనీష్ వర్సెస్ నేహా కేసులో 2020 నవంబరు 4న ఆదేశించింది. దుకాణం నడుపుతూ ఆదాయం లేదని రాయడం బిడ్డ అన్నాన్ని లాక్కోవడమే.

ఇంటి గుట్టు కోర్టుకెందుకని కొందరంటారు. బిడ్డ భవిష్యత్తు కన్నా గుట్టు గొప్పది కాదు. సాక్ష్యాన్ని దాచడం మన దీన్‌లోనూ పాపమే.

మసీదు కమిటీలు చదువుకున్న ఒకరిని ఇలాంటి దరఖాస్తుల సాయానికి నియమించాలి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం లభిస్తుంది. ఆ సంగతి జుమా రోజున నమాజు తరువాత చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.