గాలము వేయువారికొక మనవి

ఆశ్వయుజ కార్తిక మాసములలో మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల చెఱువులు నిండినచో, ఆదివారము ఆరాధన ముగిసిన వెనుక బాలురు కట్టమీద బారులు తీరి కూర్చుందురు. వెదురుకఱ్ఱ, దారము, జొన్నబెండు, కొంకికి గ్రుచ్చిన వానపాము, ఇంతకు మించిన పరికరము వారికక్కఱలేదు. ఆ వినోదమును మేము నిందింపము. మేమును ఆ కట్టలమీద పెరిగినవారమే. కాని కొఱమీను విషయమున ఒక మాట చెప్పక తప్పదు.

వానకాలమున కొఱమీను జంట తుంగలోనో నాచులోనో కొంత చోటు శుభ్రము చేసికొని గ్రుడ్లు పెట్టును. అవి నీటిపై తేలుచుండును. ఒకటి రెండు దినములలో పిల్లలు వెలువడును. పిమ్మట ఆ పిల్లలు ఎఱుపురంగు దాల్చి, వందలకొలది ఒక్క ముద్దగా చేరి, గాలి పీల్చుటకై మాటిమాటికి పైకి వచ్చును. చూచువారికి నీటిపై కుంకుమ చల్లినట్లుండును. క్రింద తల్లియో తండ్రియో కావలి కాయుచుండును. ఇది యెఱిగిన వేటకాడు కప్పపిల్లను గాలమునకు గ్రుచ్చి ఆ ముద్ద నడుమ ఆడించును. కావలిచేప ఆకలిచేత దానిని పట్టదు; పిల్లలకు శత్రువు వచ్చినదని పైబడును. ఇట్టి వేటలో నేర్పేమున్నది?

పుంగనూరు సమీపమున ఒక చెఱువులో బాల్యమున మేమిట్లే ఒక పెద్ద కొఱమీనును తీసితిమి. ఇంటిల్లిపాదియు మెచ్చుకొనిరి. మఱునాడు పోయి చూడగా ఆ ముద్ద చెదరియుండెను. నీటికాకులు మిగిలిన పిల్లలను ఏఱుకొని తినుచుండెను. నాటి కూర రుచి ఇప్పటికిని జ్ఞాపకమున్నది. అదియే మాకు సిగ్గు.

బొచ్చె, రోహు చేపలు నిలువనీటి చెఱువులో గ్రుడ్లు పెట్టవు; వానికి పాఱెడు నది కావలెను. 1957లో హీరాలాల్ చౌధురిగారు పీయూషగ్రంథి రసమును సూదితో ఎక్కించి ఇట్టి చేపలచే గ్రుడ్లు పెట్టించిరి. అప్పటినుండి పిల్లలు దొరకుట సులభమైనది గాని, ఏటేట కొని చెఱువులో విడువక తప్పదు. కొఱమీనునకు ఆ ఖర్చు లేదు. నీరెండి బురద మిగిలినను గాలి పీల్చి కొంతకాలము బ్రతుకగలదు. కఱవుసీమలో అట్టి చేపను పిల్లలతోకూడ పోగొట్టుకొనుట విత్తనపు గింజలు వండుకొని తినుటయే.

అది ఇతర చేపల పిల్లలను మ్రింగును, దానిపై దయ యేల యని గుత్తదారులందురు. మాటలో నిజము కలదు. కాని 1952లో మన దేశమునకు తెచ్చిన తిలాపియా, అనగా మనవారి జిలేబిచేప, అదుపులేక పెరిగిన చెఱువులో దాని పిల్లలను తిని తగ్గించునదియు కొఱమీనే కదా!

మన సీమలో బడులు పెట్టిన ఆర్కాటు మిషనువారి స్వదేశమైన అమెరికాలో రెడ్‌ఇయర్ సన్‌ఫిష్ అను మంచినీటి చేప కలదు. నత్తగుల్లలను గొంతుపండ్లతో నలిపి తినును. మగచేప నీటి అడుగున గుంటచేసి గ్రుడ్లను కాయును. అచ్చటి గాలగాండ్రును ఆ గుంటలనే వెదకుదురు. అయినను ఒకడు దినమునకిన్ని చేపలకంటె పట్టరాదను కట్టడి అక్కడి పలు రాష్ట్రములలో కలదు. మన 1897 నాటి చట్టము నిషేధించినది మందుగుండును, విషమును. పిల్లలను కాచు చేప జోలికి పోరాదను నియమమును గాలము పట్టినవాడే పెట్టుకొనవలెను.

2025లో హంద్రీ-నీవా కాలువ వెంట కృష్ణాజలములు కుప్పము ప్రాంతమునకు చేరినవి. చెఱువులలో నీరు నిలిచినకొలది గాలములును పెరుగును. కావున ఎఱ్ఱముద్ద కనబడిన చోట నెలదినములు గాలము వేయకుడు. జెల్లలు, జిలేబీలు కట్టకు ఆవలివైపున కావలసినన్ని దొరకును. ఆ చోటి తుంగకు ఒక గుడ్డపీలిక కట్టినయెడల వెనుక వచ్చువారికిని తెలియును.