పంటిపై మచ్చ.. ఎముకకు హెచ్చరిక

నల్గొండ: మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి ప్రాంతాల్లో నోరారా నవ్వడానికి సంకోచించే నడివయస్కులు నేటికీ కనిపిస్తారు. వారి ముందు పళ్లపై ఎంత తోమినా పోని గోధుమరంగు చారలే అందుకు కారణం. గారపట్టిన ఈ పళ్లను శుభ్రత లోపంగా భావించినవారు ఎందరో. నిజానికి అది పళ్లు తోమకపోవడం వల్ల వచ్చింది కాదు. బాల్యంలో తాగిన నీరు పంటిలో మిగిల్చిన గుర్తు.

మచ్చ వెనుక కథ

శాశ్వత దంతాల పింగాణీ పొర దాదాపు ఎనిమిదేళ్ల వయసు వరకు దవడ లోపలే రూపుదిద్దుకుంటుంది. స్వల్ప పరిమాణంలో ఫ్లోరైడ్ పంటికి మేలు చేసి పిప్పిపళ్లను అడ్డుకుంటుంది. మోతాదు మించితే అదే విషమవుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము మించరాదు. ప్రత్యామ్నాయం లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. చిన్నతనంలో అంతకు మించి ఒంట్లోకి చేరితే పింగాణీ సరిగా గట్టిపడదు. పళ్లు సుద్దరంగు మచ్చలతోనే మొలుస్తాయి. కాలక్రమంలో అవి గోధుమరంగుకు మారతాయి. పొగాకు, గుట్కా గార పైపైన అంటుకుంటుంది కనుక వైద్యులు శుభ్రం చేస్తే పోతుంది. ఫ్లోరోసిస్ మచ్చ పంటి పొరలోనే ఉంటుంది.

విషయం పళ్లతో ఆగదు. శరీరంలో నిలిచిపోయే ఫ్లోరైడ్‌లో దాదాపు 99 శాతం ఎముకలు, పళ్లలోనే చేరుతుంది. పెద్దయ్యాక కొత్తగా పళ్లపై మచ్చ పడదు గాని, ఎముకల్లో పేరుకోవడం ఆగదు. అందుకే పెళ్లయి ఈ గ్రామాలకు వచ్చిన మహిళల పళ్లు తెల్లగా ఉన్నా, ఏళ్ల తరబడి ఆ నీరు తాగితే మెడ, నడుము, కీళ్లు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. ఎముకలు వంగిపోయాక పూర్తిగా సరిచేసే మందు లేదు. బాల్యంలో పంటిపై కనిపించే మచ్చ మాత్రం, ఇంకా నివారణకు వ్యవధి ఉందని చెప్పే తొలి హెచ్చరిక.

దశాబ్దాల దాహం

దేశంలో ఈ వ్యాధిని 1937లో నేటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో తొలుత గుర్తించారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతిని 1970లలో రూపొందించి, దానికి నల్గొండ పేరే పెట్టారు. పద్ధతికి పేరొచ్చింది గాని పల్లెల దాహం తీరలేదు. నాగార్జునసాగర్ ఉన్న జిల్లాలోనే జనం బోరునీటిని నమ్ముకోవాల్సి వచ్చింది. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీచేసి, ఫ్లోరైడ్ గోడును దేశం దృష్టికి తెచ్చారు.

తెలంగాణ ఏర్పడ్డాక మిషన్ భగీరథ కింద నదీజలాలను శుద్ధిచేసి ఇళ్లకు అందించే పని చేపట్టారు. 2016 ఆగస్టులో పథకాన్ని ప్రారంభించారు. రాష్ట్రంలో 2015లో 967గా ఉన్న ఫ్లోరైడ్ పీడిత ఆవాసాల సంఖ్య 2020 నాటికి సున్నాకు చేరినట్లు ప్రభుత్వ గణాంకాలు తెలిపాయి. ఇది చిన్న విజయం కాదు.

అసలు పరీక్ష ఇప్పుడే

అయితే గణాంకాలు సరఫరా గురించి చెబుతాయి. ఇంట్లో ఏ నీరు తాగారో, ఏ నీటితో వండారో చెప్పవు. గొట్టం పగిలినా, సరఫరా నిలిచినా మళ్లీ బోరుబావే దిక్కవుతుంది. తాగడానికి శుద్ధజలం వాడినా, అన్నం, పప్పు బోరునీటితో ఉడికిస్తే ఫ్లోరైడ్ ఒంట్లోకి చేరుతూనే ఉంటుంది. నీటిని మరిగించినా అది పోదు.

ఈ లెక్క తేల్చగలిగేవి పిల్లల పళ్లే. 2017 తర్వాత పుట్టినవారికి పాలపళ్లు ఊడి శాశ్వత దంతాలు వస్తున్నాయి. అవి మచ్చలేకుండా ఉంటే శుద్ధజలం నిజంగా చేరినట్లు. మచ్చలుంటే ఎక్కడో లోపం జరిగినట్లు. పాఠశాలల్లో పిల్లల ఆరోగ్య పరీక్షలకు 2013 నుంచి జాతీయ కార్యక్రమం ఉంది. అందులో దంత సమస్యల పరిశీలన కూడా భాగమే. ఆ వివరాలను గ్రామాల వారీగా నమోదుచేసి నీటి పరీక్షల ఫలితాలతో పోల్చితే, ఏ ఊరిలో బోరునీరు ఇంకా వాడుకలో ఉందో తెలుస్తుంది. ఇందుకు ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. శిక్షణ పొందిన కళ్లు, చిన్న అద్దం చాలు.

పాత తరానికీ దంతవైద్యం అవసరమే. చిగుళ్ల వ్యాధి ముదిరితే మధుమేహం అదుపు తప్పుతుంది. మధుమేహం పెరిగితే చిగుళ్లు మరింత దెబ్బతింటాయి. నమలలేని నోటికి పోషకాహారం అందదు. కాల్షియం, సి విటమిన్ కొరవడితే ఫ్లోరైడ్ కీడు మరింత పెరుగుతుంది. పన్ను నొప్పిని ప్రాణాంతకం కాదని తేలిగ్గా తీసుకునే ధోరణిని గ్రామాలూ, వైద్య ఆరోగ్య శాఖా వదులుకోవాలి. నీళ్లిచ్చి చేతులు దులుపుకోకుండా, ఆ నీళ్లు పిల్లల పళ్లను కాపాడాయో లేదో చూసే బాధ్యతను యంత్రాంగం స్వీకరించాల్సి ఉంది.